తోడు వేసే వేడి

త్వెయితో, హర్దాంగర్
అక్టోబరు, 1934

గూరోకి,

మన పిల్ల ఆస్నె బాగానే ఉంది. ఆవులు బాగానే ఉన్నాయి. నేనెలా ఉన్నానో ఈ ఉత్తరం చదివితే నీకే తెలుస్తుంది.

బార్లీ నానబెట్టాను. సంచి మూతి కట్టి వాగులో దించి, తీసి, అటక మీద పరిచాను. మొలకలొచ్చాయి. ఆరబెట్టి, దంచి సిద్ధంగా పెట్టాను. ఇంతవరకూ నీ పేరు చెడగొట్టలేదు. ఇక అసలు పని మిగిలింది. క్రిస్మస్‌కి బీరు కాచని ఇల్లు ఈ లోయలో లేదు, అది మన ఇంటితో మొదలవడం నాకిష్టం లేదు. అదీగాక నువ్వు వదిలి వెళ్ళిన తోడు ఉంది. చెక్క గొలుసు మీద ఎండిపోయి పిండి డబ్బాలో పడుంది. నిరుడు బీరులో వేసి పులియబెట్టాక దాన్ని మళ్ళీ ఎవరూ లేపలేదు. ఈ ఏడు కూడా లేపకపోతే ఇక లేవదంటున్నాడు పక్క పొలం సివెర్ట్. మీ అమ్మమ్మ నుంచి మీ అమ్మకి, మీ అమ్మ నుంచి నీకు వచ్చిన తోడు. అది నా చేతిలో చచ్చిపోయిందన్న మాట నేను పడలేను.

నువ్వు పడవెక్కే ముందు చెప్పినవన్నీ గుర్తే. నీళ్ళు కాగాక పొయ్యి ఆర్పి, ఆవిరి తేలిపోయి నీ ముఖం నీకు కనబడ్డప్పుడు బార్లీ మీద పొయ్యమన్నావు. సరే. మొన్న వట్టి నీళ్ళు కాచి వంగి చూశాను. గడ్డం కనబడింది. గడ్డం కనబడితే చాలా, కళ్ళు కూడా కనబడాలా అన్నది నువ్వు చెప్పలేదు.

తోడు వేసే ముందు చెయ్యి పెట్టి చూడమన్నావు. వేడీ తెలియకూడదు, చల్లనా తెలియకూడదు, చెయ్యి నీళ్ళల్లో ఉన్న సంగతే మరిచిపోవాలి, అప్పుడు వెయ్యమన్నావు. గూరో, నా వేళ్ళకి ఏదీ తెలియదు. ఇన్నేళ్ళూ పలకరాయి చీల్చిన వేళ్ళవి. పొయ్యి మీది కుండ వట్టి చేత్తో దించేస్తానని నువ్వే కదా తిడతావు. వాటి లెక్కన అన్ని నీళ్ళూ తోడు వేసే నీళ్ళే. మోచెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉన్నాయంది. కాసేపాగి అవే నీళ్ళు చల్లగా ఉన్నాయంది. దానికి నీ చదువు లేదు.

అందుకని రేవు దగ్గరి దుకాణానికి వెళ్ళి వేడి కొలిచేది కావాలన్నాను.

"దేనికండీ? స్నానానికా, వెన్నకా, బీరుకా?" అన్నాడు.

బల్ల మీద మూడు పెట్టాడు. ఒకటి చెక్క తొడుగులో ఉండే పొట్టిది. ఒకటి పాలవాళ్ళ పొడుగాటిది. మూడోది గాజుబుడ్డి, కింద సీసం గుళ్ళు, పైన సన్నటి మెడ, మెడ మీద గీతలు. "ఇది వేడిది కాదండీ, తేలుతుంది. నీళ్ళల్లో తీపి ఎంత దిగిందో చెప్తుంది" అన్నాడు.

"నాలుక చెప్పదా?" అన్నాను.

"నాలుక అంకె చెప్పదు కదండీ" అన్నాడు.

ఏమీ కొనకుండా వచ్చేశాను. ఏది కొనాలో నువ్వు చెప్పు. కొన్నాక అంకెలు కూడా నువ్వే ఇవ్వాలి. దుకాణంవాడి దగ్గరున్న అంకెలు ఫ్యాక్టరీ బీరువి. మన తోడు సంగతి వాడికేం తెలుసు.

జ్వరం తగ్గుతోందని పోయినసారి రాశావు. ఎంతకి తగ్గింది?

అస్లక్


శానిటోరియం, పై వరండా
అక్టోబరు

నా రాళ్ళాయనకి,

కళ్ళు కూడా కనబడాలి. కళ్ళల్లో భయం ఉందో లేదో కూడా కనబడాలి. అప్పుడు పొయ్యి.

నీ గడ్డం సంగతి పక్క మంచం ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ అవతలి మంచానికి చెప్పింది. ఇప్పుడు వరండా అంతా "మీ ఆయన గడ్డం ఎలా ఉంది?" అని పలకరిస్తున్నారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. సిస్టర్ మాగ్న్‌హిల్ వచ్చి ఉత్తరం లాక్కుని, "ఈయన ఉత్తరాలు ఇకనుంచి నేను చదివాకే నీకిస్తాను" అంది. చదువుతూ ఆవిడా నవ్వింది. నేను చూశాను.

ఇప్పుడు విను. స్నానానిది కొనకు. ఇక్కడ మా స్నానాల గదిలో ఉన్నది అదే. అంకెలు ఉండాల్సిన చోట "చల్లన, వెచ్చన, పసిపిల్లలకి" అని రాసుంటుంది. నువ్వు పసిపిల్లల దగ్గర ఆగిపోతావు. పాలవాళ్ళది కొను. పొడుగ్గా ఉంటుంది కనక తొట్టి అడుగుదాకా దించొచ్చు, వంద దాకా గీతలుంటాయి. కొనేముందు దుకాణంలోనే ఒక మూడు నాలుగు పక్కపక్కన పెట్టించు. ఒకే గదిలో ఉండి తలో మాటా చెప్తుంటే, ఎక్కువమంది ఏది చెప్తే అది చెప్పేది తీసుకో. ఇంటికి తెచ్చాక కొండ మీది మంచు గిన్నె నిండా నింపి, కాసిని నీళ్ళు పోసి అందులో నిలబెట్టు. సున్నా చూపించాలి. చూపించకపోతే తిరిగిచ్చెయ్యి.

దాన్ని గరిటెలా వాడకు. ముందు తొట్టి బాగా కలిపి అప్పుడు దించు, లేకపోతే పైనొక మాట, అడుగునొక మాట చెప్తుంది. గీత కదలడం ఆగేదాకా ఓపిక పట్టు. నీళ్ళల్లో ఉండగానే చదువు, బయటికి తియ్యగానే మాట మార్చేస్తుంది. ఇవన్నీ నాకెలా తెలుసంటావా? రోజూ నా నోట్లో ఒకటి పెట్టి కూర్చోబెడతారు. వీటి గుణాలు నాకు బాగా తెలిసిపోయాయి.

తేలే బుడ్డి మాత్రం సరదా ఉంటే కొను. నేనైతే తీపినీళ్ళలో రెండు వేళ్ళు ముంచి, అంటించి, విడదీస్తాను. వేళ్ళు ఒకదాన్నొకటి వదలనంటే తీపి చాలినట్టే. నీ వేళ్ళు దేనికీ అంటుకునే రకం కాదు కనక కొనుక్కో.

జ్వరం తగ్గిందంటే తగ్గింది. నీకు అన్నీ అంకెల్లోనే కావాలా? డాక్టరు ముఖం బాగుంది. ఇలాగే ఉంటే క్రిస్మస్‌కి ఇంటికి పంపిస్తామన్నాడు.

పగలంతా గొర్రెతోలు సంచిలో మెడదాకా దూరి వరండాలో పడుకుంటాం. ఎదురుగా ఫియోర్డు, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు నీళ్ళు. మలుపు దగ్గర పడవ పొగ మాత్రం కనబడుతుంది, పడవ కనబడదు. అది మన వైపు వెళ్ళేదో కాదో పొగని చూసి చెప్పలేం. అయినా ప్రతిదీ మన వైపు వెళ్ళేదే అనుకుంటాను. ఆస్నెకి జడ ఎవరు వేస్తున్నారు? నువ్వే వేస్తున్నావేమోనని తలుచుకుంటే పిల్ల మీద జాలేస్తుంది.

ఇక్కడ ఎటు తిరిగినా నేల కడిగే కార్బాలిక్ మందు వాసన. నాకు మన తొట్టి అడుగున పరిచే జునిపర్ కొమ్మల వాసన కావాలి అస్లక్. చచ్చేంత కావాలి. ఉత్తరంలో ఒక రెమ్మ పెట్టి పంపు.

గూరో


త్వెయితో
అక్టోబరు ఆఖరు

గూరోకి,

రెమ్మ పెట్టాను. ఆస్నె కోసింది. చిన్నది చాలదని మూడు కోసింది, కవరు ఉబ్బింది, పోస్టాఫీసతను లోపల ఎలకేమైనా ఉందా అని అడిగాడు.

పాలవాళ్ళది కొన్నాను. నువ్వు చెప్పినట్టే నాలుగు పక్కపక్కన పెట్టమన్నాను. దుకాణంవాడు "నాలుగూ ఒకటేనండీ" అన్నాడు. ఒకటి కాదు. మూడు ఒక మాట చెప్పాయి, నాలుగోది రెండు గీతలు పైన ఉంది. వాడు దాన్ని తీసి లోపల పెట్టేశాడు. ఎవరికి అంటగడతాడో. మంచు తెచ్చి, నీళ్ళు పోసి నిలబెట్టాను. గీత దిగింది, దిగింది, సరిగ్గా సున్నా మీద ఆగింది. సివెర్ట్‌ని పిలిచి చూపించాను. "చల్లటి మంచు చల్లగా ఉందని చెప్పడానికి దుకాణందాకా వెళ్ళొచ్చావా?" అన్నాడు. వాడి మాటకేం. వాడే నిన్న బీరు కాచుకుంటూ "ఏదీ ఓసారి ఇవ్వరా, సరదాకి" అని పట్టుకెళ్ళాడు.

నేనూ వెళ్ళాను చూద్దామని. సివెర్ట్ వేలు పెట్టి "ఊఁ, ఇప్పుడు" అన్నాడు. నేను పాలవాళ్ళ గొట్టం దించాను. ముప్పై అయిదు. వాడు ఆ అంకె విని వాళ్ళావిడ వైపు తిరిగి, "చూశావా, నా వేలికి అంకె కూడా ఉంది" అన్నాడు. అప్పటినుంచీ ఆ వేలు ఎత్తుకుని తిరుగుతున్నాడు.

అది వాడి ఇంటి తోడు. మన దానికి నీ అంకే కావాలి.

ఆస్నె పిల్లికి జ్వరం చూడబోయింది. పిల్లి ఒప్పుకోలేదు. జడ నేనే వేస్తున్నాను. స్కూల్లో దాన్ని తాడు అంటున్నారట.

తేలే బుడ్డి కూడా కొన్నాను. నవ్వకు.

అస్లక్


శానిటోరియం
నవంబరు

అస్లక్‌కి,

రెమ్మలు దిండు కింద పెట్టుకున్నాను. ఒకటి పక్క మంచం ఆవిడకిచ్చాను. వాళ్ళదీ బీరు కాచే ఇల్లే. వాసన చూసి అటు తిరిగి పడుకుంది, భోజనానికి కూడా లేవలేదు.

నీ అంకెలు సంపాదించాను. ఎలా సంపాదించానో వింటే నువ్వు నన్ను మళ్ళీ పెళ్ళి చేసుకుంటావు.

సిస్టర్ మాగ్న్‌హిల్‌ని బతిమాలాను. "రోగులు కింద చాకిరేవు గదికి దిగకూడదు" అంది. "నేను రోగిని కాదు సిస్టర్, బీరు కాచేదాన్ని. రోగం మధ్యలో వచ్చింది" అన్నాను. ఆవిడ ఊరు వోస్ వైపు. వాళ్ళ నాన్న కూడా కాచేవాడట. ఆ సాయంత్రం అందరూ పడకల్లో ఉండగా నన్ను దుప్పట్లో చుట్టి కిందికి తీసుకెళ్ళింది. వంటింట్లోంచి అంకెలున్న గొట్టం ఒకటి తెచ్చింది.

అక్కడ బట్టలు ఉడకేసే పెద్ద రాగి కాగులుంటాయి. ఒకదాని కింద మంట తీయించి, ఆవిరి పోయేదాకా నిలబడ్డాను. వంగి చూశాను. ముందు దుప్పటి కనబడింది, తరవాత ముక్కు, తరవాత నేను. చాలా రోజులైంది నన్ను నేను చూసుకుని. ఇక్కడ అద్దాలు ఎత్తుగా పెడతారు. "చదవండి సిస్టర్" అన్నాను. డెబ్బై ఆరు. అది రాసుకో. బార్లీ మీద పోసే నీళ్ళు డెబ్బై ఆరు.

ఇక తోడు వేసే వేడి. ఇది జాగ్రత్తగా చేశాను. అంకె చూస్తే మనసు దాని వెనక పోతుందని గొట్టం ఆవిడ చేతికే ఇచ్చి కళ్ళు మూసుకున్నాను. తొట్టిలో నీళ్ళు పోయించుకుని చెయ్యి దించాను. చల్లగా ఉంటే వేన్నీళ్ళు పొయ్యమన్నాను, వేడిగా ఉంటే చన్నీళ్ళు. పోయించి పోయించి, చెయ్యి ఉందో లేదో తెలియని చోటికి వచ్చాక "చాలు" అన్నాను. ఆవిడ చదివింది. ముప్పై తొమ్మిది. గొట్టం మళ్ళీ చూసి, "ఇంకోసారి చూద్దామా గూరో?" అంది. నీళ్ళు పారబోసి మళ్ళీ మొదటినుంచీ చేశాం. మళ్ళీ ముప్పై తొమ్మిదే. మూడోసారీ అంతే. చూశావా అస్లక్? మనిషి కళ్ళు మూసుకుని మూడుసార్లూ ఒకే గీత మీద దిగడమంటే మాటలా? సిస్టర్ ఏదో అనబోయి ఊరుకుంది. మెచ్చుకోవడం నర్సులకి చేతకాదనుకుంటా.

నీకు చెప్పలేదు గానీ ఇక్కడికి వచ్చాక చాలా పోయాయి. ఒళ్ళు పోయింది. గొంతు పోయింది, ఇప్పుడు గుసగుసే. జుట్టు పోతోంది. కానీ చెయ్యి నాదే. ఆ సాయంత్రం తెలిసింది నాకు. దుప్పట్లో చుట్టుకుని పైకొస్తుంటే పాటొచ్చింది, పాడే గొంతు లేదు గానీ.

సివెర్ట్‌కి చెప్పు, నా చేతికీ అంకె ఉందని. వాడి దానికన్నా పెద్దదని.

తోడు వేసేటప్పుడు కేక పెట్టే మన ఆనవాయితీ మరిచిపోకు. ఎదుటి కొండ తిరిగి పలకాలి. నువ్వు గొణిగితే బీరు కూడా గొణుగుతుంది. ఆస్నెని పక్కన నిలబెట్టుకో, వింటుంది.

క్రిస్మస్ ముందు వచ్చే పడవకి వస్తాను. రేవులో ఉండు.

గూరో


త్వెయితో
డిసెంబరు మొదటి వారం

గూరో,

శనివారం బీరు కాచాను.

తొట్టి అడుగున జునిపర్ పరిచాను. నీళ్ళు కాచి ముఖం చూసుకున్నాను, గొట్టం కూడా దించాను. నా కళ్ళు కనబడేసరికి డెబ్బై ఆరే ఉంది. దాని మీద నాకు ధైర్యం వచ్చింది. తీపినీళ్ళు దిగాయి, మంచి రంగు. తేలే బుడ్డి అందులో వేస్తే మెడదాకా మునిగిపోయింది. తీపి లేదన్నమాట. నా పని అయిపోయిందనుకున్నాను. తరవాత దుకాణంవాడిచ్చిన కాగితం చదివితే, వేడిగా ఉన్నప్పుడు కొలిస్తే అది తప్పు చెప్తుందట, చల్లార్చి కొలవాలట. గ్లాసులో చల్లార్చి మళ్ళీ వేశాను. లేచి నిలబడింది. సివెర్ట్ కూడా ఒప్పుకున్నాడు, తీపి బాగా దిగిందని.

తోడు వేసే సమయానికి సివెర్ట్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆస్నె గొలుసు పట్టుకుని నిలబడింది. గొట్టం దించి పెట్టాను. నలభై మూడు, నలభై రెండు, అలా దిగుతోంది. ముప్పై తొమ్మిది దగ్గర గొలుసు ఇమ్మన్నాను.

"ఆగరా. ముప్పై తొమ్మిదా? తోడుని ఉడకబెడతావా ఏంటి?" అన్నాడు సివెర్ట్.

గూరో అంకె అదేనన్నాను. వాడు వేలు పెట్టాడు. "ఇది వెచ్చగా ఉంది. తెలుస్తోంది నాకు. తెలియకూడదు కదా" అన్నాడు. గొట్టం పాడైందేమో అన్నాడు. బయటికి వెళ్ళి మంచు తెచ్చి పెట్టాను. సున్నా. అయితే అక్కడి గొట్టం తప్పేమో అన్నాడు. ఆసుపత్రివాళ్ళ గొట్టం తప్పవడమేమిటన్నాను. అలా మాట్లాడుకుంటూండగా ఆస్నె చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతిదాకా ముంచింది. నీళ్ళు అప్పటికీ ముప్పై తొమ్మిది కింద లేవు, తొట్టికి దుప్పటి కప్పి ఉంచాను.

పిల్ల చెయ్యి తియ్యలేదు. అలాగే ఉంచి, "నాన్నా, ఇది అమ్మ చెయ్యి" అంది.

"ఏంటే?" అన్నాను.

"జడ వేసేటప్పుడు మెడకి తగిలేది కదా అమ్మ చెయ్యి. వేసవిలో. ఇలాగే ఉండేది" అంది.

సివెర్ట్ తల వంచుకుని తొట్టిలోకి చూస్తూ కూర్చున్నాడు. వాడికి నాకన్నా ముందు అర్థమైంది. నాకు కాస్త సేపు పట్టింది. చెయ్యి ఎంత వేడిగా ఉంటే, అది మరిచిపోయే నీళ్ళు కూడా అంత వేడిగా ఉండాలి. అంతే కదా గూరో? నువ్వు పంపింది తోడు వేసే వేడి కాదు, నీ జ్వరం. ఇక్కణ్ణుంచి నువ్వు వెళ్ళినప్పటి వేడే అది. ఏమీ దిగలేదు.

వేసవంతా నీ పక్కనే పడుకున్నాను. ఆ చెయ్యి నా చేతిలో పెట్టుకునే నిద్రపోయేవాణ్ణి. ఏడేళ్ళ పిల్లకి తెలిసింది, నాకు తెలియలేదు.

సివెర్ట్ "చల్లారనియ్యి" అన్నాడు. నేను చల్లారనివ్వలేదు. ముప్పై తొమ్మిది దగ్గరే వేశాను. ఎందుకో నాకూ తెలియదు, అడగకు. కేక పెట్టాను. కొండ పలికింది. ఎలా ఉందో నేను రాయలేను, సివెర్ట్‌ని అడుగు. వాడు టోపీ తీసి నిలబడ్డాడు.

డాక్టరు ముఖం సంగతి నాకొద్దు. అంకె రాయి.

అస్లక్


శానిటోరియం
డిసెంబరు

అస్లక్,

పొద్దున ముప్పై ఎనిమిది. సాయంత్రాలు ముప్పై తొమ్మిది, ఒక్కోరోజు ఇంకాస్త పైన. జ్వరం లేని ఒంటికి ముప్పై ఏడు దాటకూడదట. వచ్చిన నాటినుంచీ ఇంతే. ఇదిగో నువ్వడిగిన అంకె.

ఎడమవైపు ఊపిరితిత్తి పనికిరాదన్నారు. జనవరిలో బెర్గెన్ ఆసుపత్రికి తీసుకెళ్ళి పక్కటెముకలు కొన్ని తీసేస్తారట. తీసేస్తే అది ముడుచుకుని నిద్రపోతుందట, నిద్రపోతే మానుతుందట. కొందరికి మానుతుంది. క్రిస్మస్‌కి పంపిస్తామని డాక్టరు ఎప్పుడూ అనలేదు. నేనే అన్నాను. బార్లీ నానబెట్టానని రాశావు చూడు, ఆ రోజు నిజం రాయలేకపోయాను. నేను రానని తెలిస్తే నువ్వా సంచి వాగులోనే వదిలేస్తావనిపించింది.

అందుకు నన్ను తిట్టు, పడతాను. కానీ ఆ ముప్పై తొమ్మిది మాత్రం నేను దాచిన అబద్ధం కాదు. నాకు తెలియదు అస్లక్. నిజంగా తెలియదు. నీ ఉత్తరం చదివి సిస్టర్ మాగ్న్‌హిల్‌ని అడిగాను, "మీకు అప్పుడే తెలుసా?" అని. "మొదటిసారికే తెలిసింది. నువ్వంత సంతోషంగా ఉంటే నా నోరు రాలేదు" అంది. నా మంచం కాళ్ళ దగ్గర వేలాడే కాగితం మీద ఆ అంకెని రోజూ ఆవిడే రాస్తోంది మరి.

అన్నీ తీసుకున్నారు, చెయ్యి ఒక్కటి నాకు మిగిలిందనుకున్నాను. మూడుసార్లు ఒకే గీత మీద దిగిందని ఎంత మురిసిపోయానో నీకు తెలియదు. అది కూడా నాది కాదు. నీ తేలే బుడ్డిలాంటిదాన్నే నేనూ. వేడిలో ఉండి కొలిచాను, తప్పు చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి చెయ్యి దుప్పట్లోంచి బయటికి తియ్యబుద్ధి కావడం లేదు. దాని అంకెకి మీ దగ్గర ఏం పని? ఆ అంకె కొట్టెయ్యి. వచ్చే ఏడు ఆస్నె మోచెయ్యి పెట్టించు. అది ఎక్కడ మరిచిపోతే అదే మన ఇంటి వేడి. తోడు చచ్చిపోయి ఉంటే నాకు రాయకు. బతికి ఉంటే గొలుసు దాని చేతికివ్వు.

రావద్దు. పిల్లని అసలే తేవద్దు, ఇక్కడి గాలి దానికి తగలకూడదు. నువ్వూ వద్దు. రాగి కాగులో నన్ను నేను చూసుకున్నానని రాశాను కదా. ఏం చూశానో రాయలేదు. నువ్వు వేసవి చివర పడవెక్కించిన మనిషిని గుర్తుపెట్టుకో. నాకది చాలు.

చాలదు. అయినా రావద్దు.

గూరో


త్వెయితో
క్రిస్మస్ తరువాత

గూరోకి,

తోడు బతికింది. తెల్లారేసరికి తొట్టి మీద నురగ దుప్పటిని ఎత్తేసింది. గొలుసు అందులో ముంచి ఆరబెట్టాను. ఆస్నెకిచ్చాను. పిండి డబ్బాలో తనే పెట్టుకుంది, నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

క్రిస్మస్ రోజు లోయంతా వచ్చింది. నువ్వు లేవన్న మాట ఎవరూ ఎత్తకుండా, అందరూ బార్లీ గురించీ మంచు గురించీ మాట్లాడారు. మొదటి గిన్నె సివెర్ట్‌కిచ్చాను. వాడు ముందు వాసన చూశాడు. నారింజ తొక్క వాసన వస్తోంది. ఒక గుక్క తాగి గిన్నె కింద పెట్టాడు.

"ఇది నిరుటి బీరే. సరిగ్గా అదే. అంతకుముందు మీ ఇంట్లో బీరుకి ఈ వాసన లేదు" అన్నాడు.

గుర్తుందా? నిరుడు ఇదే వాసనకి ఊరంతా మెచ్చుకుంది. ఇంత మంచి బీరు గూరో ఎప్పుడూ కాయలేదన్నారు. నువ్వు కూడా ఎలా వచ్చిందో తెలియదన్నావు, మామూలుగానే చెయ్యి పెట్టి చూశానన్నావు. తోడు ఇంత వేడిలో పడితేనే ఈ వాసన వస్తుంది, అంటే నిరుడు శీతాకాలానికే నీ చెయ్యి ఈ వేడిలో ఉంది. నువ్వు దగ్గింది ఆ తరవాత చాన్నాళ్ళకి కదా. నీకే తెలియకముందు, డాక్టర్లకి తెలియకముందు, నీ చెయ్యి ఆ తొట్టి దగ్గర నిలబడి మా అందరికీ చెప్పింది. మేము గిన్నెల కొద్దీ తాగి ఇంకా పొయ్యమన్నాం.

అంకె కొట్టెయ్యను. నీ చెయ్యి తప్పు చెప్పలేదు గూరో. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు చెప్పింది నీ కలం. చెయ్యి నీదే. అది నాకు రాసినంత నిజంగా నువ్వు ఎప్పుడూ రాయలేదు.

ఆస్నె మోచెయ్యి కూడా పెట్టించాను, నువ్వు చెప్పినట్టే, వట్టి నీళ్ళల్లో. ముప్పై అయిదున్నర. అది వచ్చే ఏటి సంగతి. అప్పుడు నీదీ దానిదీ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకే మాట చెప్తాయో లేదో చూడాలని ఉంది నాకు. ఈ ఒక్కటి తప్ప ఇంకేం అక్కర్లేదు.

ఆవుల్ని సివెర్ట్ చూసుకుంటాడు. ఆస్నె వాళ్ళింట్లో ఉంటుంది, వాళ్ళావిడకి జడ వెయ్యడం వచ్చు. పిల్లని తేవడం లేదు. నేను వస్తున్నాను. వద్దని రాయకు, ఈ ఉత్తరమూ నేనూ ఒకే పడవలో వస్తున్నాం. నువ్వెలా ఉంటే అలా ఉండు. బెర్గెన్ దాకా నీ పక్కన కూర్చుంటాను, ఆపరేషన్ గది తలుపు దాకా వస్తాను. నిన్ను బయటికి తీసుకొచ్చేదాకా అక్కడే ఉంటాను.

చెయ్యి దుప్పట్లోంచి తీసి పైన పెట్టి ఉంచు. నా వేళ్ళకి నీ వేడి తెలియదు, ఆ మాట నిజమే. కానీ వరండా మెట్లెక్కి చలిలోంచి వస్తాను కదా, నా చెయ్యి చల్లగా ఉంటుంది. అది నీకు తెలుస్తుంది.

అస్లక్